ఆరు నెలల గడువు సంగతి మా ఊరికి ఎవరు చెప్పాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను హనుమకొండలో ఒక సీనియర్ దగ్గర జూనియర్ అడ్వకేట్‌గా పనిచేస్తున్నాను. మూడేళ్ల లా కోర్సు కూడా ఇక్కడే చదివాను. మా సొంతూరు పరకాల వైపు. ఊరి పేరు రాయడం లేదు, అక్కడి క్వారీ గొడవ ఇంకా తెగలేదు, మా బాపు రోజూ ఆ దారినే చేనుకు పోవాలి. ఉత్తరం పొడుగైంది, ఎక్కడైనా కత్తిరించాల్సి వస్తే కత్తిరించండి గాని కాలుష్యం మీద కేసు వేయడానికి చట్టం పెట్టిన గడువుల సంగతి ఉన్న భాగం మాత్రం దయచేసి అలాగే ఉంచండి.

మా చేను పక్కన గుట్ట మీద క్వారీ, దాని కిందనే కంకర మిషన్ వచ్చాయి. మొదట్లో ఊళ్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రోడ్డు పడుతుందన్నారు, నలుగురైదుగురు పిల్లలకు టిప్పర్ల మీద పని దొరికింది, మా చిన్నాయన కొడుకు ఇప్పటికీ అందులోనే డ్రైవర్. కొన్నాళ్లకు పత్తి మీద దుమ్ము పడటం మొదలైంది. పగిలిన పత్తి మీద బూడిద రంగు పొర కూర్చుంటే దులిపినా పోదు, మార్కెట్‌కు తీసుకుపోతే రంగు మారిందని రేటు తగ్గిస్తారు, ఒక క్వింటాల్ మీద ఎంత పోతుందో లెక్కవేసి మా అమ్మ గోడ మీద బొగ్గుతో రాసేది. తర్వాత ఆ గోడే పగులు ఇచ్చింది, బ్లాస్టింగ్ పెట్టిన సాయంత్రాలు ఇంట్లో గిన్నెలు కదులుతాయి.

బాపు ఊరుకోలేదు. తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాడు, సోమవారం పూట కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి ఆరుసార్లు పోయాడు, ప్రతిసారీ రసీదు తెచ్చి ఎరువుల షాపు వాళ్లిచ్చిన సంచిలో దాచిపెట్టాడు. అట్ల పద్నాలుగు నెలలు గడిచాయి. అప్పుడు నేను లా రెండో సంవత్సరం చదువుతున్నాను, పర్యావరణ చట్టం పేపర్ కూడా ఆ ఏడాదే రాశాను, మార్కులు బాగానే వచ్చాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ సంచి దండెం మీద వేలాడుతూ కనిపించేది, ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. నేను చదివే పుస్తకానికీ ఆ సంచికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు, ఇది రాయడానికి నాకు బాధగానే ఉంది.

ఎన్‌రోల్ అయ్యాక ఆ సంచి తీసుకొచ్చి మా సీనియర్ సార్ ముందు పెట్టాను. ఆయన రసీదులు పక్కన పెట్టి ఒక్కటే అడిగారు, "దుమ్ము మొదట ఎప్పుడు పడింది?" అని. నేను లెక్క చెప్పేసరికి కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు.

పాఠకుల్లో క్వారీల పక్కన, ఫ్యాక్టరీల పక్కన, డంపింగ్ యార్డుల పక్కన చేను గాని ఇల్లు గాని ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను. పర్యావరణ కేసులు వినడానికి జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను పెట్టిన చట్టం 2010లో వచ్చింది. మన తెలంగాణ కేసులు చెన్నైలో ఉన్న దక్షిణ మండల బెంచ్ వింటుంది. ఆ చట్టం 14వ సెక్షన్ కింద పర్యావరణ వివాదం మీద దరఖాస్తు వేయాలంటే ఆ వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వేయాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, అంతకు మించి లేదు. చట్టంలో ఆ "మొదట" అనే మాట ఉంది చూడండి, అదే మమ్మల్ని కొట్టింది. దుమ్ము ఇవాళ కూడా పడుతోంది కదా అని వాదించొచ్చు, వాదిస్తాం కూడా, కానీ ఆ వాదన ఒక్కదాని మీద ఆశ పెట్టుకుని కూర్చోలేం. ప్రజావాణిలో ఇచ్చిన దరఖాస్తులు ఎన్ని ఉన్నా ఈ గడువును ఆపవు. నష్టపరిహారానికి మాత్రం 15వ సెక్షన్ కింద అయిదేళ్లు ఉంది, మాకు ఇప్పుడు నాలుగో ఏడాది నడుస్తోంది, ఆ కాగితాలు తయారు చేస్తున్నాం. ఇక పర్యావరణ అనుమతి ఇవ్వడమే తప్పని అప్పీలు చేయాలంటే 16వ సెక్షన్ కింద 30 రోజులే, మహా అయితే ఇంకో 60 రోజులు.

ఇంకో సంగతి. క్వారీకి కావలసింది పర్యావరణ అనుమతి, క్రషర్‌కు, అంటే కంకర మిషన్‌కు, కావలసింది కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సమ్మతి, ఆ రెండూ వేర్వేరు కాగితాలు, వేర్వేరు షరతులు, వేర్వేరు ఆఫీసులు. బాపు రెండింటినీ కలిపి ఒకే దరఖాస్తులో రాసి రెవెన్యూ వాళ్లకు ఇస్తూ పోయాడు. ఆ అనుమతుల కాపీలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగొచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి. ట్రిబ్యునల్‌లో ఫీజు వెయ్యి రూపాయలు. పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం, వెయ్యికి తగ్గకుండా, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అది కూడా లేదు. వకీలు లేకుండా మనమే నిలబడి చెప్పుకోవచ్చు. ఇంత తేలిక చేసిన చట్టం మా ఇంటికి నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఇదంతా వివరించి చెప్పినప్పుడు బాపు కోపం చేయలేదు, "గీ ఆరు నెలల ముచ్చట ముందుగాల ఒక్కరన్న చెప్తే అప్పుడే పోదును గద బిడ్డా" అన్నాడు. ఆ "ఒక్కరు" ఎవరై ఉండాలి అన్న ప్రశ్న నన్ను అప్పటి నుంచి వదలడం లేదు.

నాకు తోచిన జవాబు లా కాలేజీ.

బార్ కౌన్సిల్ 2008లో తెచ్చిన న్యాయవిద్య నియమాల ప్రకారం పర్యావరణ చట్టం ప్రతి లా విద్యార్థీ తప్పనిసరిగా చదవాల్సిన పేపర్. మేమూ చదివాం. రాజస్థాన్‌లో బిచ్రీ అనే ఊళ్లో రసాయన ఫ్యాక్టరీల వల్ల బావుల నీళ్లు పాడైతే, కాలుష్యం చేసినవాడే దాన్ని బాగుచేసే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది, చదివాం. అదే ఏడాది వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసు, చదివాం. మన హైదరాబాద్‌కు నీళ్లిచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల దగ్గర నూనె ఫ్యాక్టరీ కేసులో 1999 తీర్పు, ప్రమాదం లేదని నిరూపించుకునే బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదే అన్న మాట, అదీ చదివాం, పరీక్షలో రాశాం. మూడేళ్లలో ఒక్క క్వారీ అనుమతి కాగితం మాత్రం మా చేతికి రాలేదు. ఒక ప్రజాభిప్రాయ సేకరణకు పోయి కూర్చోలేదు. మా క్లాస్‌లో సగం మందికి పైగా పల్లెల నుంచి వచ్చినవాళ్లమే, భూపాలపల్లి, మంథని, నర్సంపేట, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లం. మా ఇళ్ల పక్కనే ఓపెన్‌కాస్ట్ గనులు, ఇసుక రీచులు, బూడిద చెరువులు ఉన్నాయి. మా సార్లను తప్పుపట్టడం లేదు, సిలబస్ పూర్తి చేయడానికే వాళ్లకు టైమ్ చాలేది కాదు.

సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ముందుండి ఉత్తర తెలంగాణ కోసం ఒక పర్యావరణ న్యాయ సహాయ కేంద్రం నడపాలని అడుగుతున్నాను. వరంగల్, కరీంనగర్‌లలోని మిగతా లా కాలేజీలు దానితో కలవాలి. ఏడాదికి ఒక సదస్సు పెట్టి శాలువాలు కప్పే కేంద్రం మాకు వద్దు, సోమవారం పొద్దున ప్రజావాణి జరిగే చోట ఒక టేబుల్, నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చునే కేంద్రం కావాలి. దరఖాస్తుతో వచ్చిన రైతును కూర్చోబెట్టి మొట్టమొదట "ఇది ఎప్పుడు మొదలైంది" అని అడిగి తేదీ రాసుకునే ఇద్దరు విద్యార్థులు చాలు. గడువు ఎప్పటితో అయిపోతుందో అదే కాగితం మీద ఎర్ర పెన్నుతో రాసిచ్చి పంపితే సగం పని అయినట్టే. నేను ఊహించి చెప్పడం లేదు, బాపు ఆరుసార్లు ఆ వరండాలోనే నిలబడ్డాడు.

వాతావరణ మార్పు అనగానే అది ఎక్కడో మంచు కరగడం గురించి అనుకునే రోజులు మన జిల్లాల్లో ఎప్పుడో పోయాయి. 2023 జూలై చివరి వారం గుర్తుంది కదా. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, ఏడాది పొడుగునా పడాల్సిన దాంట్లో దాదాపు సగం ఒక్క రోజులో. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే జనం పైకప్పులు ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. కొండాయి దగ్గర జంపన్నవాగు మనుషులనే తీసుకుపోయింది. మరుసటి ఏడాది ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలి ఒక్కసారి చుట్టుకుంటే వేల చెట్లు కూలిపోయాయి, ఆ రాత్రి వానకే మహబూబాబాద్ జిల్లాలో రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. 2020 ఆగస్టులో హనుమకొండలో మా పెద్దమ్మ వాళ్ల కాలనీలో మంచాల ఎత్తున నీళ్లు నిలబడితే రెండు రోజులు మేడ మీదే వండుకుని తిన్నారు.

ఇందులో లా కాలేజీకి ఏం పని అని ఒక సీనియర్ నన్ను అడిగారు. చాలా పని ఉంది. న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 1987లో వచ్చింది. అందులో 12వ సెక్షన్ చూస్తే ఎస్సీలు, ఎస్టీలు, మహిళలతో పాటు వరద, కరువు, పారిశ్రామిక ప్రమాద బాధితులకు కూడా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. నాకు తెలిసిన వరద బాధితుల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. అదే చట్టం యూనివర్సిటీల్లో, లా కాలేజీల్లో న్యాయ సహాయ కేంద్రాలు పెట్టించాలని కూడా చెబుతోంది, అంటే నేను అడుగుతున్నది కొత్త కోరిక కాదు. 2024 మార్చి 21న బట్టమేక పిట్టలను కాపాడాలని వేసిన కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణల కింద పౌరుల హక్కు అని గుర్తించింది. ఈ హక్కును ఒక ఊరి కోసం, ఒక వాగు కోసం ఎట్లా అడగాలి, ఏ ఆధారాలతో అడగాలి, ఎవరిని అడగాలి అనేది ఇంకా ఎవరూ పూర్తిగా తేల్చని విషయం. వాతావరణ మార్పు మీద మనకు విడిగా ఒక చట్టం లేదని ఆ తీర్పులోనే ఉంది. తేలని విషయం మీద కూర్చుని పనిచేయడానికి యూనివర్సిటీ కన్నా మంచి చోటు ఏముంది చెప్పండి.

ఇక చెరువులు. కాకతీయుల కాలం నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకో దాంట్లోకి పోవాలి. మధ్యలో కాలువను పూడ్చి ప్లాట్లు చేస్తే నీళ్లు ఎటు పోతాయి, ఇళ్లలోకే వస్తాయి. 2012లో వచ్చిన జీఓ 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పున్న వాగు గాని నాలా గాని అయితే 9 మీటర్లు, అంతకు లోపుంటే 2 మీటర్లు. ఊరి ఉమ్మడి భూములు, కుంటలు ఆక్రమణల నుంచి విడిపించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అయితే ఆ చెరువు అసలు ఎంతవరకు ఉండేది అన్నదగ్గరే ప్రతి కేసూ ఆగిపోతుంది. దానికి జవాబు పాత భూమి రికార్డుల్లో, అంటే సేత్వార్‌లో, 1954-55 ఖాస్రా పహాణీలో, ఊరి నక్షాలో ఉంటుంది, వాటిలో పాత ఉర్దూ రాతలు ఉంటాయి, ఆ రాతలు చదవగలిగిన పెద్దమనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పదిమంది విద్యార్థులు ఒక ఏడాది పాటు, ఒక్క మండలంలో ఉన్న శిఖం భూముల, అంటే చెరువు నీళ్లు నిలిచే భూముల, సర్వే నంబర్లు రాసి, పాత నక్షానూ ఇవాళ్టి శాటిలైట్ బొమ్మనూ పక్కపక్కన పెట్టినా చాలు, పదేళ్ల పాటు ఆ మండలంలో వచ్చే ప్రతి కేసుకూ అదే ఆధారం అవుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. శిఖం అని తెలియక రిజిస్ట్రేషన్ చేయించుకుని, చీటీలు ఎత్తి, పుస్తెలతాడు కుదువపెట్టి వంద గజాలు కొనుక్కున్న బీడీ కార్మికులు, ఆటో డ్రైవర్లు ఈ ఊళ్లో వందల మంది ఉన్నారు. చెరువు బతకాలంటే వాళ్ల ఇల్లు పోవచ్చు. అమ్మినవాడి మీద కేసు, కొన్నవాడికి నోటీసు, వినడానికి టైమ్, ఉండటానికి ఇంకో చోటు, ఇవన్నీ అడగడం కూడా పర్యావరణ న్యాయంలో భాగమే. మా చిన్నాయన కొడుకు టిప్పర్ ఉద్యోగం సంగతీ అంతే, గుట్ట దగ్గర పనిచేసే వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయే రాతి దుమ్ము ముందు మా పత్తి దుమ్ము చాలా చిన్నది.

ప్రజాభిప్రాయ సేకరణల గురించి కూడా రాయాలి. సింగరేణి గనులైనా, థర్మల్ విస్తరణ అయినా 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇచ్చి సభ పెట్టాలి. కలెక్టర్ గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి గాని అధ్యక్షత వహించాలి. అంతా వీడియో తీయాలి, చివర్లో జనం చెప్పిన అభ్యంతరాలు స్థానిక భాషలో చదివి వినిపించాలి. అభ్యంతరాలు చదివి వినిపించమని అడిగే హక్కు ఉందని తెలిసిన మనిషి ఒక్కడున్నా సభ తీరు వేరుగా ఉంటుంది. కోరం మాత్రం అవసరం లేదు, అంటే పదిమందే వచ్చినా సభ జరిగినట్టే లెక్క. తెలుగులో దొరికేది ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం, అసలు నివేదిక వందల పేజీల ఇంగ్లిష్. ఆ వందల పేజీల్లో మన ఊరి వాగు పేరు ఉందా, మన బావుల లోతు సరిగ్గా రాశారా, మన అడవిలో ఉన్న జంతువులను లేవని రాశారా చూసి తెలుగులో చెప్పడం లా విద్యార్థి చేయగలిగిన పని. పక్కన బోటనీ, జియాలజీ, జువాలజీ విభాగాల విద్యార్థులు ఉంటే ఇంకా బాగా చేస్తారు, కాకతీయ యూనివర్సిటీలో ఆ విభాగాలన్నీ ఉన్నాయి.

2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఆడవాళ్లు, పిల్లలతో సహా రోడ్డు మీద కూర్చుంటే చివరికి కలెక్టర్ పనులు ఆపించారు. ఆ జనం పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ కోసమే కట్టే డిస్టిలరీలకు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా అనుమతి తెచ్చుకునే దారిని 2021లోనే కేంద్రం ఒక సవరణతో తెరిచింది. ఆ సవరణ వచ్చిన రోజే తెలుగులో రెండు పేజీల్లో రాసి మండలానికి ఒకటి పంపే కేంద్రం ఎక్కడైనా ఉండి ఉంటే, ఇట్లాంటి ఊళ్ల మాట రోడ్డు మీదికి రాకముందే కాగితం మీదికి వచ్చేది. చట్టం కూడా ఎంత తొందరగా మారుతుందో చూడండి, ముందు కట్టేసి తర్వాత పర్యావరణ అనుమతి తెచ్చుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 మే 16న చెప్పింది, అదే ఏడాది నవంబర్ 18న ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు ఉన్న బెంచ్ ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. కోర్టుకు రోజూ పోయే మాకే ఇది పట్టుకోవడం కష్టంగా ఉంటే ఊళ్లో సర్పంచ్‌కు ఎట్లా తెలుస్తుంది?

విద్యార్థులతో ఏమవుతుంది అనేవాళ్లకు ఒక ఉదాహరణ చెప్తాను. పసిఫిక్ సముద్రంలో వనౌటు అనే దీవుల దేశం ఉంది, జనాభా మన వరంగల్ నగరం కన్నా తక్కువ. అక్కడ యూనివర్సిటీ ఆఫ్ సౌత్ పసిఫిక్‌లో లా చదివే 27 మంది విద్యార్థులు 2019లో ఒక ఆలోచన చేశారు, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగిద్దామని. వాళ్ల ప్రభుత్వాన్ని ఒప్పించారు, ఆ ప్రభుత్వం మిగతా దేశాలను ఒప్పించింది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో తీర్మానం చేసింది, 2025 జూలై 23న హేగ్‌లోని న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పింది. వాతావరణాన్ని కాపాడటం దేశాలకు చట్టపరమైన బాధ్యత అనీ, తప్పితే దాని పరిణామాలు ఉంటాయనీ తేల్చింది. అది సలహా రూపంలో ఉన్న అభిప్రాయమే, కట్టిపడేసే తీర్పు కాదు, అయినా ఇకమీద ప్రపంచంలో ఏ కోర్టులోనైనా దాన్ని చూపించి మాట్లాడొచ్చు. ఒక క్లాస్‌రూమ్‌లో మొదలైన పని ఇది. మా క్లాస్‌లో అరవై మందిమి ఉండేవాళ్లం.

అడ్డంకులు నాకు తెలియక కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లా విద్యార్థులు ప్రొఫెసర్ పర్యవేక్షణలో కోర్టులో నిలబడి వాదించొచ్చు, మన దగ్గర ఎన్‌రోల్ కాని విద్యార్థికి ఆ అవకాశం లేదు. ఫుల్‌టైమ్ జీతం తీసుకునే ప్రొఫెసర్ కూడా ప్రాక్టీస్ చేయకూడదు. కానీ ప్రాక్టీస్ చేసే అడ్వకేట్ రోజుకు మూడు గంటల వరకు లా పాఠాలు చెప్పొచ్చని నియమం ఉంది. హనుమకొండ అదాలత్ సెంటర్ కోర్టులో ఇట్లా పాఠాలు చెప్పడానికి ఇష్టంగా వచ్చే సీనియర్లు నాకు తెలిసే ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్లకు ఆ మూడు గంటలు ఇస్తే కేంద్రానికీ కోర్టుకూ మధ్య దారి ఏర్పడుతుంది. విద్యార్థుల టైమ్ సంగతికొస్తే మూడేళ్ల కోర్సులో 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ ఎలాగూ చేయాలి. ఇప్పుడు చాలామంది ఎవరో ఒకరి దగ్గర సర్టిఫికెట్ రాయించుకుని ఆ వారాలు గడిపేస్తున్నారు, అదే టైమ్ ఇక్కడ పెట్టొచ్చు. ప్రభుత్వ నిధులతో నడిచే యూనివర్సిటీ ప్రభుత్వ అనుమతుల మీద కేసులు వేస్తుందా అన్న టెన్షన్ కూడా నిజమైనదే, అందుకే కేంద్రం పేరు మీద కేసులు అక్కర్లేదు అంటున్నాను. కాగితాలు తెప్పించడం, తెలుగులోకి మార్చడం, గడువు చెప్పడం, దరఖాస్తు రాసి ఇవ్వడం, ఇవి చేస్తే చాలు, కేసు వేసేది ఊరివాళ్లే. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో పర్యావరణ చట్టాల కోసమే ఒక కేంద్రం 1997 నుంచి పనిచేస్తోంది. మన హైదరాబాద్‌లో, శామీర్‌పేట దగ్గర నల్సార్ లా యూనివర్సిటీ ఉంది. కానీ భూపాలపల్లి రైతు శామీర్‌పేట దాకా పోలేడు, సుబేదారికి బస్సులో రెండు గంటల్లో వస్తాడు.

డబ్బు పెద్దగా అడగడం లేదు. ఒక గది, ఒక స్కానర్, ఒక బీరువా, ఒక ఫోన్, ఆ ఫోన్ ఎత్తి తెలుగులో మాట్లాడే మనిషి, మండలాలకు పోవడానికి బస్సు చార్జీలు. పూర్తికాలం మనిషి ఒక్కరైనా ఉండాలి, లేకపోతే పరీక్షలు రాగానే తాళం పడుతుంది, యూనివర్సిటీల్లో అధ్యాపకుల కొరత ఎట్లా ఉందో అందరికీ తెలిసిందే కాబట్టి ఉన్న సార్ల మీదే ఇది కూడా వేయడం న్యాయం కాదు. నా వరకు నేను శనివారాలు వచ్చి పనిచేస్తానని ఈ ఉత్తరంలోనే రాసి ఇస్తున్నాను.

చివరగా ఎడిటర్ గారూ, మీకు ఒక విన్నపం. పర్యావరణ అనుమతి వచ్చాక ఆ సంగతి కనీసం రెండు స్థానిక పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో ప్రకటించాలని నిబంధన ఉంది. ఆ సంగతి జనానికి తెలిసేలా బయటపెట్టినప్పటి నుంచే అప్పీలు గడువు 30 రోజుల లెక్క నడుస్తుంది. ఆ ప్రకటనలు లోపలి పేజీల్లో, టెండర్ నోటీసుల మధ్య, భూతద్దం పెట్టి చూస్తే గాని కనపడని అక్షరాల్లో వస్తాయి. ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటనలూ అంతే. అవి డబ్బు కట్టి వేయించే ప్రకటనలు, వాటి సైజు మీరు పెంచలేరు, నాకు అర్థమైంది. కానీ అదే రోజు జిల్లా పేజీలో ఊరి పేరు, ప్రాజెక్టు పేరు, సభ జరిగే తేదీ లేదా అప్పీలుకు ఆఖరి తేదీ, ఈ నాలుగు మాటలు ఒక చిన్న వార్తగా వేయండి. మా ఊళ్లో హోటల్ దగ్గర మీ పేపర్‌ను పొద్దున ఒకరు పైకి చదువుతుంటే పదిమంది వింటారు, బాపు కూడా అక్కడే టీ తాగుతాడు.

ఇట్లు,
ఒక జూనియర్ అడ్వకేట్,
హనుమకొండ